ట్రైలర్ కొనే ముందు కారు తలుపు తెరిచి చూడండి

సందేహం: బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. త్వరలో ఇద్దరు పిల్లలతో అమెరికా వస్తున్నాం. వేసవిలో అమ్మానాన్నల్ని రప్పించి, హోండా పైలట్ కారుకి ట్రావెల్ ట్రైలర్ (పడకలు, వంటగది ఉండే చక్రాల ఇల్లు) తగిలించుకుని తిరగాలని కోరిక. ఆ కారు ఐదు వేల పౌండ్లు లాగుతుందట. సరిపోతుందా అన్నయ్యా?

జవాబు: ఆల్ వీల్ డ్రైవ్ పైలట్ అయితే 5,000 పౌండ్లు, అంటే దాదాపు 2,270 కిలోలు లాగుతుంది. టూ వీల్ డ్రైవ్ అయితే 3,500 పౌండ్లే. కానీ తమ్ముడూ, ఇంటిల్లిపాదీ బయల్దేరేటప్పుడు చూడాల్సింది ఆ ఒక్క అంకె కాదు. డ్రైవర్ తలుపు తెరిస్తే అక్కడ ఒక స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇన్ని కిలోలు మించకూడదని రాసి ఉంటుంది. అసలు పరీక్ష అక్కడే.

ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద, అంటే కారు వెనక ట్రైలర్‌ని తగిలించే కొక్కెం మీద పడుతుంది. దాన్ని టంగ్ వెయిట్ అంటారు. ఆ భారం మోసేది కారే. స్టిక్కర్ మీద 560 కిలోలు ఉందనుకోండి. మీ ఆరుగురూ కలిపి 330. ట్రైలర్ 2,000 కిలోలైతే, 12 శాతం లెక్కన టంగ్ వెయిట్ 240. మొత్తం 570! ఇంకా ఒక్క సూట్‌కేసు కూడా ఎక్కించలేదు, హిచ్ బరువూ కలపలేదు. 5,000 పౌండ్ల అంకె దాటనేలేదు, మోసే శక్తి మాత్రం అయిపోయింది.

అమ్మేవాళ్లు చెప్పే డ్రై వెయిట్‌ని నమ్ముకోవద్దు. అది ఖాళీ ట్రైలర్ బరువు. వంద లీటర్ల నీళ్లు పోస్తే వంద కిలోలు పెరుగుతుంది. ఆపైన బియ్యం, కుక్కర్లు, పక్కబట్టలు. ట్రైలర్ మీద రాసి ఉండే గరిష్ఠ బరువుతోనే లెక్క వేసుకోండి. సామాను సర్దాక, హైవే పక్కన ట్రక్కులు ఆగే చోట ఉండే కాటా మీద ఒకసారి తూయించండి.

ట్రైలర్ బ్రేకుల్ని కారులోంచే వేయించే బ్రేక్ కంట్రోలర్ మాత్రం తప్పకుండా పెట్టించుకోండి. ట్రైలర్ తోక ఊగడం మొదలైతే కారు బ్రేక్ గట్టిగా తొక్కకండి. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, కంట్రోలర్ మీటతో ట్రైలర్ బ్రేకులు మాత్రమే వేయండి. పల్లం వస్తే నంది హిల్స్ దిగినట్టే తక్కువ గేర్‌లో దిగండి. కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగే బండి గంటకు 55 మైళ్లు దాటకూడదు.

నన్నడిగితే, నలుగురే వెళ్లేటప్పుడు 1,400 కిలోల లోపు చిన్న ట్రైలర్ చాలు. ముందు అద్దెకి తీసుకుని చూడండి. అమ్మానాన్నలు వచ్చినప్పుడు మాత్రం పార్కుల్లో బాత్రూమ్ ఉన్న క్యాబిన్ (బస చేసే చిన్న ఇల్లు) చూసి బుక్ చేసుకోండి. పైలట్‌లో అందరూ హాయిగా కూర్చుని వెళ్లొచ్చు, పెద్దవాళ్లకి కూడా సౌకర్యంగా ఉంటుంది.