ప్రార్థనలో పెట్టిన పుస్తకం

అమ్మాయికి,

ప్రభువు పేరట వందనాలు. నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీల ఉత్తరంలో మూడు పేజీలు ఎందుకు రాయలేకపోతున్నావో రాశావు. చదువుతూ నవ్వుకున్నాను, కోప్పడకు. రాయడం చేతకానివాళ్లు అంత బాగా రాయరు.

మీ మామ్మగారి కథ రాయాలని నీ కోరిక. బైబిలు స్త్రీగా, అంటే ఇంటింటికీ వెళ్లి వాక్యం చెప్పే పరిచారికగా, భుజాన సంచీ వేసుకుని కాలువ గట్ల మీద ఊరూరా తిరిగిన మనిషి. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ మీద పడ్డప్పుడు పేట జనమంతా చర్చిలో తలదాచుకుంటే, తెల్లవార్లూ పిల్లల చేత కీర్తనలు పాడించిన మనిషి. ఇంత సరుకు చేతిలో ఉంచుకుని, “ఎప్పటినుంచో ప్రార్థనలో పెట్టాను మాస్టారూ, దేవుని సమయం కోసం కనిపెట్టుకుని ఉన్నాను” అంటావు. నాకు పేచీ ఈ మాటతోనే.

మన సంఘాల్లో ఈ మాటకు తిరుగులేదు. సంబంధం నచ్చకపోతే ప్రార్థనలో పెడదామంటారు. చర్చి పైకప్పుకు చందా అడిగితే ప్రార్థనలో పెడదామంటారు. అవతలి మనిషికి ఇక నోరెత్తే వీలుండదు. నిజంగా మోకాళ్ల మీద ఉన్నవాళ్లను నేనేమీ అనను. కానీ చేయవలసినది తెలిసి కూడా ఇంకా అడుగుతూ కూర్చుంటే దేవుడే విసుక్కున్న సందర్భం ఒకటుంది. ముందు ఎర్ర సముద్రం, వెనక ఫరో రథాలు. “నీవేల నాకు మొఱపెట్టుచున్నావు?” అని మోషేను అడిగి, జనాన్ని సాగిపొమ్మని చెప్పమన్నాడు. నిర్గమకాండం 14వ అధ్యాయం తీసి చూడు. ఆ మాట అనేటప్పటికి సముద్రం ఇంకా చీలలేదు.

నువ్వు ఎదురుచూస్తున్నది ప్రేరణ కోసమైతే, లూకా సువార్త మొదటి నాలుగు వచనాలు ఈ రాత్రి మళ్లీ చదువు. క్రిస్మస్‌కు యేసు పుట్టుక ఉన్న రెండో అధ్యాయం కంఠతా అప్పజెప్పే మనం ఆ నాలుగు వచనాలనూ గబగబా దాటేస్తాం. తనకు దర్శనం కలిగిందని గానీ, దేవదూత వచ్చి కలం చేతికిచ్చాడని గానీ లూకా అక్కడ చెప్పుకోలేదు. ఈ సంగతులు రాయడానికి ఇప్పటికే అనేకులు పూనుకున్నారన్నాడు. కళ్లారా చూసినవాళ్లు చెప్పినది ఉందన్నాడు. మొదటి నుంచీ అన్నీ తరచి తెలుసుకున్నాను కనుక వరుసగా రాయడం “యుక్తమని యెంచితిని” అన్నాడు. అంతే. విచారించాడు, తగిన పని అనుకున్నాడు, కూర్చుని రాశాడు. ఆ రాతనే మనం దైవప్రేరితమంటున్నాం. ఇలాంటివి ఇదివరకే చాలామంది రాసేశారు కదా అన్న నీ రెండో బెంగకు కూడా జవాబు అక్కడే దొరుకుతుంది.

ఇక అసలు రోగం. నిన్ను సోమరివని నేను అనుకోవడం లేదు. పాస్టరు గారు అడిగితే క్రిస్మస్ నాటిక రెండు రాత్రుల్లో రాసిచ్చానని నువ్వే చెప్పావు. గొర్రెల కాపరుల చేత గోదావరి యాసలో మాట్లాడించావట, జనం పగలబడి నవ్వారట. అప్పుడు ఏ ప్రేరణ కోసం ఆగావు? నాటికను సాహిత్యమని ఎవరూ అనరు, బాగా లేకపోయినా జనవరికల్లా మరిచిపోతారు, అందుకని చెయ్యి వణకలేదు. మామ్మగారి పుస్తకం అలా కాదు. అది సరిగా రాకపోతే నువ్వు రచయిత్రివి కాదని తేలిపోతుందని భయం. రాయనంత కాలం అది గొప్ప పుస్తకమే.

తలాంతుల ఉపమానంలో, అంటే యజమాని దాసులకు సొమ్ము అప్పగించి వెళ్లిన కథలో, ఆఖరివాడు చెప్పుకున్న కారణం కూడా ఇదే: “నేను భయపడి” అంటాడు. ఒక్క తలాంతే కదా అని చిన్నచూపు చూడకు, కూలివాడికి అది దాదాపు 20 ఏళ్ల కూలి. పాపం వాడు దాన్ని తినేయలేదు, తాగేయలేదు. భద్రంగా పాతిపెట్టి, అణా పైసలతో సహా తెచ్చిచ్చాడు. అయినా యజమాని వాణ్ని సోమరి అనే పిలిచాడు. ఆ తీర్పు కాస్త కఠినమనే నాకూ అనిపిస్తుంది. కానీ సొమ్ము మట్టిలో ఉండిపోయాక, పాతినవాడిది భయమా బద్ధకమా అన్నది ఎవరికి కావాలి? మామ్మగారి గురించి తెలుసుకోవలసిన పేట పిల్లలకూ అంతే.

డెల్టాలో పుట్టినదానివి, అదను అంటే ఏమిటో నీకు నేను చెప్పాలా? మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన స్వర్ణ వరికి సుమారు 150 రోజులు కావాలి. జూన్‌లో కాలువలకు నీళ్లు వదలగానే నారుమడి పోసినవాడు నవంబరులో కోతకు వస్తాడు. ఇంకో మంచి వాన చూద్దామని జూలై ఆఖరుదాకా జరిపినవాడి చేను, కోతకు రాకముందే తుపానుల చేతికి చిక్కినా చిక్కుతుంది. “గాలిని గురుతు పట్టువాడు విత్తడు, మేఘములను కనిపెట్టువాడు కోయడు” అని బైబిల్లో ప్రసంగి ఊరికే అనలేదు. నీకు అదను మామ్మగారి జ్ఞాపకం ఉన్నంతవరకే. ఆమెకు ఎనభై దాటాయన్నావు. పుస్తకానికి పేరు, శైలి, ముఖచిత్రం, వీటన్నిటికీ తర్వాత బోలెడు వ్యవధి ఉంటుంది.

మొదటి ప్రతి చెత్తగా వస్తుంది, రానీ. బారూకు సంగతి యిర్మీయా 36లో ఉంది. ప్రవక్త చెబుతుంటే గ్రంథమంతా సిరాతో రాసిన లేఖకుడు అతను. దాన్ని రాజు ముందు చదువుతుంటే, మూడు నాలుగు పుటలు కాగానే రాజు చాకుతో కోసి ఎదురుగా ఉన్న కుంపట్లో వేశాడు. అలా మొత్తం కాల్చేశాడు. యిర్మీయా ఇంకో గ్రంథపు చుట్ట చేతికిస్తే బారూకు మళ్లీ మొదటి నుంచీ రాశాడు, పాత మాటలకు మరెన్నో కొత్త మాటలు కలిశాయి. నీ మొదటి ప్రతిని కాల్చే రాజెవరూ లేడు. మహా అయితే నేను ఎర్ర సిరాతో గీతలు పెడతాను.

విశ్రాంతి గురించి కూడా అడిగావు. విశ్రాంతి దినపు ఆజ్ఞలో ఏడో రోజును గుర్తుపెట్టుకుని, “ఆరు దినములు నీవు కష్టపడి” అన్న ముక్కను మనం మింగేస్తాం. వాయిదా వేసేవాళ్లకు పనీ ఉండదు, విశ్రాంతీ ఉండదు. అర్ధరాత్రి దాకా ఫోను చూస్తూ రేపటి నుంచి మొదలుపెడతానని ఒట్టు పెట్టుకోవడం ఆ రెండింటిలో దేని కిందికీ రాదు. ఇంకొక మాట, ఇది మీ పాస్టరు గారికి చూపించకు. వేసవిలో పిల్లలకు వీబీఎస్ బైబిలు తరగతులు, తర్వాత యూత్ మీటింగు, ఆపైన క్వయిర్, డిసెంబరులో కేరల్స్. సంఘం పనిలో మునిగి సొంత పని ఎగ్గొట్టేవాళ్లను ఎవరూ తప్పుపట్టరు. అందుకే అది అన్నిటికంటే గౌరవమైన వాయిదా.

పొద్దున్నే వాక్యం చదువుకుంటావు కదా. బైబిలు మూసిన చోటనే, లేవకుండా, అరగంట రాయి. ఫోను వేరే గదిలో ఉండనీ. అంతకుముందు మామ్మగారి దగ్గర కూర్చుని అడుగు. అయితే దేవుడు నిన్ను ఎలా వాడుకున్నాడు మామ్మా అని మాత్రం అడగకు. అలా అడిగితే సాక్ష్యం చెబుతారు, అది సంఘమంతా విన్నదే. సంచీలో ఏమేం ఉండేవి, చెప్పులు తెగిపోతే ఏం చేసేవారు, రేవు దాటడానికి ఎంత ఇచ్చేవారు, ఎండాకాలం కాలువలు కట్టేస్తే ఏ దారిన వెళ్లేవారు, ఎవరి అరుగు మీద కూర్చోనిచ్చారు, ఎవరు వాకిట్లోనే నిలబెట్టి పంపేశారు, ఇవి అడుగు. ఆ జవాబులు ఆమె అన్న మాటల్లోనే రాసుకో. నీ భాషలోకి మార్చే పని ఇప్పుడు పెట్టుకోకు.

క్రిస్మస్ పనులు మొదలయ్యేలోగా మొదటి అధ్యాయం పంపు. కాగితం మీద రాసి పోస్టులోనే పంపు, ఫోనులో అక్షరాలు నా కళ్లకు ఆనవు. ఈ ఏడాది కేరల్స్‌కు ఇంకెవరినైనా చూసుకోమని పాస్టరు గారితో చెప్పు, నా పేరు చెప్పినా పరవాలేదు. మామ్మగారికి నా వందనాలు చెప్పు.

మీ మాస్టారు