కురేనీయుడి కొడుకుల పేర్లు

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

తొలి క్రైస్తవ సంఘాలు యేసును ఎలా గుర్తుపెట్టుకున్నాయి, ఎలా రాసుకున్నాయి అన్న నీ వ్యాసం చిత్తుప్రతి చదివాను. వాక్యం బాగా నడుస్తోంది. చిక్కంతా ఒక్కచోట ఉంది. సువార్తలు రాసిన మత్తయి, మార్కు, లూకా, యోహాను నలుగురూ విడివిడిగా చెప్పినదాన్ని నువ్వు ఒకే కథగా అల్లేశావు. సిలువ ఘట్టమే చూడు. యేసు సిలువ మీద పలికినవిగా గుడ్ ఫ్రైడే నాడు మన చర్చిల్లో ధ్యానించే ఏడు మాటలూ వరసగా పెట్టి, అవే తొలి సంఘం దాచుకున్న మాటలన్నావు. మార్కులో ఉన్నది ఒక్క మాట. మత్తయిలోనూ అదే. లూకాలో మూడు, యోహానులో మూడు. ఏడూ కలిసి ఉన్న సువార్త ఒక్కటీ లేదు. ఆరాధనలో ఆ ఏడింటినీ కలిపి ధ్యానించడంలో తప్పేమీ లేదు. నీ వ్యాసం మాత్రం ఎవరు దేన్ని గుర్తుపెట్టుకున్నారనే దాని గురించి. కలిపేసిన క్షణంలో ఆ సంగతే కనబడకుండా పోతుంది.

ముందు కాలక్రమం సరిచేసుకో. బైబిల్లో పుస్తకాలు కుట్టిన వరస రాసిన వరస కాదు. మత్తయి ముందుంది కదా అని అక్కడ మొదలుపెడితే అంతా తలకిందులవుతుంది. ఒక కాగితం మీద గీత గీసి ఇలా గుర్తులు పెట్టుకో: యేసు మరణం క్రీ.శ. 30 ప్రాంతం. అపొస్తలుడు పౌలు థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక, అంటే ఉత్తరం, 50 ప్రాంతం. కొరింథీయులకు మొదటి పత్రిక 54 ప్రాంతం. యెరూషలేము దేవాలయం రోమన్ల చేతిలో కూలింది 70లో. మార్కు సువార్త దానికి కాస్త అటూ ఇటూ. మత్తయి, లూకా 80-90 మధ్య, యోహాను 90-100 మధ్య. వీటిలో గట్టి తేదీ దేవాలయానిది ఒక్కటే. మిగతావి పండితుల్లో ఎక్కువమంది ఒప్పుకునే అంచనాలు. అందుకని ‘ప్రాంతం’ అన్న మాటను ఎక్కడా ఎగరగొట్టకు.

ఈ గీత ప్రకారం మనకు దొరికే తొలి గొంతు పౌలుది. అతను కూడా తనకంటే ముందున్నదాన్ని అందిస్తున్నాడు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయం తీసి, మూడో వచనం నుంచి బిగ్గరగా చదువు. ‘నాకియ్యబడిన ఉపదేశమును మొదట మీకు అప్పగించితిని’ అని మొదలుపెడతాడు. పుచ్చుకోవడం, అప్పగించడం అనేవి గురువు నుంచి శిష్యుడికి పాఠం చేరడానికి ఆనాడు వాడుకలో ఉన్న మాటలు. ఆ తర్వాత నాలుగు క్రియలు వస్తాయి: మృతిపొందెను, సమాధిచేయబడెను, లేపబడెను, కనబడెను. అది నోటికి రావడానికి కట్టిన కట్టు. పక్కనే గలతీయుల పత్రిక 1:18 పెట్టుకో. పౌలు యెరూషలేము వెళ్లి కేఫా దగ్గర, అంటే పేతురు దగ్గర, 15 రోజులున్నాడు. ఈ రెండూ పక్కపక్కన పెడితే ఏ సువార్తా పుట్టకముందే ఆ జ్ఞాపకానికి ఒక రూపం వచ్చేసిందని పాఠకుడికి నువ్వు చెప్పకుండానే తెలుస్తుంది.

‘పౌలుకు యేసు జీవితం గురించి పెద్దగా తెలియదు’ అని రాశావే, ఆ వాక్యం తీసెయ్. పౌలు జీవితచరిత్ర రాయలేదు. తగవులు తీర్చడానికి ఉత్తరాలు రాశాడు. కొరింథులో సంఘ భోజనం దగ్గర ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు తాగి మత్తులో ఉన్నాడు. దాన్ని సరిదిద్దడానికే ప్రభువు రాత్రి భోజనం సంగతి ఎత్తాడు. ఆ గొడవ జరగకపోయి ఉంటే, ‘పౌలుకు రాత్రి భోజనం సంగతే తెలియదు’ అని ఇవాళ ఎవరో ఒకరు రాసేవారు. ఉత్తరంలో లేనిదంతా రాసినవాడికి తెలియనిదని అనుకోకూడదు.

ఇప్పుడు అసలు పని. ఒకే ఒక్క మాట తీసుకుని అది ఎన్నిచోట్ల ఉందో పక్కపక్కన రాసుకో. విడాకుల గురించి యేసు చెప్పినదాన్ని తీసుకోమంటాను. ఐదుచోట్ల ఉంది: 1 కొరింథీ 7:10-11, మార్కు 10:11-12, మత్తయి 5:32, మత్తయి 19:9, లూకా 16:18. కాగితం అడ్డంగా పెట్టి ఐదు నిలువు గడులు గీసుకో. అందరి దగ్గరా ఉన్న భాగానికి ఒక రంగు గీత, ఒక్కరి దగ్గరే ఉన్నదానికి మరో రంగు.

ఏం తేలుతుందో చూడు. భార్యను విడిచి మరొకతెను చేసుకుంటే వ్యభిచారమే అన్న నడుం భాగం మార్కులోనూ లూకాలోనూ దాదాపు ఒకటే. సువార్తల్లో మార్కు ఒక్కడి దగ్గర, భార్య భర్తను విడిచినా అంతే అన్న మాట అదనంగా ఉంది. యూదుల ఆచారంలో విడాకుల పత్రం రాసిచ్చేది సాధారణంగా భర్త. రోమన్ చట్టంలో భార్యకూ ఆ వీలుంది. రోమన్ లోకంలో ఉన్న శ్రోతలకు ఆ రెండో సగం అవసరమైంది. మత్తయి దగ్గర, రెండుచోట్లా, ఒక మినహాయింపు ఉంది: వ్యభిచారం కారణమైతే తప్ప. ఏ కారణాలకు విడాకులివ్వొచ్చన్నది యూదు పండితుల మధ్య అప్పటికే నలుగుతున్న వాదం. ఆ వాదం తెలిసినవాళ్ల మధ్య ఈ మాట నిలబడాలంటే ఆ హద్దు కావలసి వచ్చింది. అందరికంటే ముందు రాసిన పౌలు ఏం చేశాడు? ‘నేను కాదు ప్రభువే’ అని ఆజ్ఞ చెప్పాడు. రెండు వచనాలు దాటాక, భార్యాభర్తల్లో ఒకరే విశ్వాసి అయిన ఇళ్ల సంగతికి వచ్చేసరికి, ‘ప్రభువు కాదు నేనే’ అన్నాడు. ప్రభువు నోట పెట్టేస్తే తగవు అక్కడికక్కడే తీరిపోయేది. అలా పెట్టలేదు.

ఈ ఒక్క గడుల కాగితంలో నీ వ్యాసం ముప్పావు వంతు ఉంది. జ్ఞాపకాన్ని వాళ్లు వాడుకున్నారు, వాడుకోవడంలో అంచులు మార్చారు, నడుమును పట్టుకునే ఉన్నారు. అంచు మారిందని మొత్తం కల్పన అనేవాళ్లూ, నడుం నిలిచింది కాబట్టి అక్షరం మారలేదనేవాళ్లూ ఇద్దరూ కాగితాన్ని సగమే చదివినట్టు. ఒక జాగ్రత్త: తెలుగులో రెండుచోట్ల ఒకే మాట కనబడినా గ్రీకులో వేరు కావచ్చు, గ్రీకులో ఒకటే అయినది తెలుగులో రెండు రకాలుగా రావచ్చు. ‘పదం పదం ఒకటే’ అని రాసేముందు గ్రీకు తెలిసినవారిని అడిగి సరిచూసుకో.

‘నోట నోట పడి కథ పెరుగుతూ పోయింది’ అన్నావు. చనిపోయిన యాయీరు కూతుర్ని యేసు లేపిన కథతో పరీక్షించు. మార్కు 5:21 నుంచి 43 దాకా 23 వచనాలు. లూకాలో 17. మత్తయిలో 9. ఇక్కడ కథ తగ్గుతూ వచ్చింది. మత్తయిలో తండ్రి పేరు కూడా లేదు, ఒక అధికారి అంతే. మార్కు మాత్రం యేసు ఆ పిల్లతో అన్న మాటను ఆయన సొంత అరామిక్ భాషలోనే ఉంచాడు: తలీతాకుమీ. వినేవాళ్లకు ఆ భాష రాదు కాబట్టి ‘చిన్నదానా, లెమ్ము’ అని వెంటనే అర్థం చెప్పాడు. ఎప్ఫతా, అబ్బా, ఎలోయీ ఎలోయీ అన్నవీ అలా మిగిలినవే. అర్థం మాత్రమే కావలసినవాళ్లు శబ్దాన్ని దాచుకోరు. ఈ చోట్లలో ఒక్క క్షణం ఆగి రాయి, పరిగెత్తకు.

వేమన పద్యాలతో పోల్చాలని మన తెలుగువాళ్లకు చెయ్యి లాగుతుంది. ఎన్నో తరాలు నోటి మీద తిరిగాక బ్రౌన్ వాటిని 1829లో అచ్చువేశాడు. ఇక్కడ యేసు మరణానికీ మార్కుకూ మధ్య దాదాపు నలభై ఏళ్లు. చూసినవాళ్లలో కొందరు ఇంకా బతికున్న కాలం, వారం వారం కూడుకుని చెప్పుకున్న గుంపులు. పోలిక పెడితే ఈ తేడా కూడా పెట్టు, లేదా పోలికే మానెయ్.

పుస్తకం వచ్చాక నోటిమాట ఆగిపోయిందని కూడా అనుకోకు. రెండో శతాబ్దం తొలి దశాబ్దాల్లో హియెరాపోలిస్ (నేటి టర్కీలో ఉంది) బిషప్పు పపియాస్, పుస్తకాల్లోని దానికంటే బతికి ఉన్న గొంతు తనకు ఎక్కువ మేలు చేస్తుందన్నాడు. మార్కు పేతురుకు దుబాసీ అనీ, గుర్తున్నంత జాగ్రత్తగా రాశాడు కానీ వరస ప్రకారం కాదనీ చెప్పిందీ అతనే. అతని ఐదు సంపుటాలూ పోయాయి. ఆ ముక్కలు నాలుగో శతాబ్దపు సంఘ చరిత్రకారుడు యూసేబియస్ ఎత్తి రాసుకోబట్టి మిగిలాయి. కాబట్టి ‘పపియాస్ అన్నాడని యూసేబియస్ రాశాడు’ అని రెండు మెట్లూ చూపించు. 150 దాటాక రోములో జస్టిన్ అనే క్రైస్తవ రచయిత, ఆదివారం కూడికలో అపొస్తలుల జ్ఞాపకాలూ ప్రవక్తల రాతలూ వీలున్నంతసేపు చదివేవారని రాశాడు. చదివేది ఒకరు, వినేది అందరూ. మార్కు 13:14లో ‘చదువువాడు గ్రహించుగాక’ అన్న మాట అందుకే. నువ్వూ ఒకసారి మార్కును మొదటినుంచి చివరిదాకా పైకి చదువు. రెండు గంటల లోపే అయిపోతుంది. ‘వెంటనే’ అన్న మాట ఎన్నిసార్లు తగులుతుందో కళ్లతో చదివితే తెలియదు.

నిసియాలో కూడిన బిషప్పుల సభలో ఓటు వేసి నాలుగు సువార్తలు ఎంచుకున్నారన్న పేరా పూర్తిగా కొట్టెయ్. 325లో జరిగిన ఆ సభ పుస్తకాల జాబితా తేల్చలేదు. 180 ప్రాంతంలోనే లియోన్ బిషప్పు ఐరేనియస్ నాలుగింటినీ పేర్లతో చెప్పి, నాలుగే అని వాదించాడు. కొత్త నిబంధనలో ఇప్పుడున్న 27 పుస్తకాల జాబితా అలెగ్జాండ్రియా బిషప్పు అథనేసియస్ 367లో రాసిన ఈస్టర్ పండగ ఉత్తరంలో కనబడుతుంది. తోమా సువార్తను ప్రస్తావిస్తే అదేమిటో కూడా చెప్పు: 114 మాటల కూర్పు, పుట్టుక కథా లేదు, సిలువ కథా లేదు, కాప్టిక్ అనే పాత ఈజిప్టు భాషలోని ప్రతి 1945లో ఈజిప్టులోని నాగ్ హమ్మాదీ దగ్గర దొరికింది. ‘దాచిపెట్టిన రహస్యం’ లాంటి మాటలు వద్దు.

మార్కు చివరి పన్నెండు వచనాల మీద ఏదీ ఆనించి రాయకు. నాలుగో శతాబ్దపు గ్రీకు చేతిరాత బైబిళ్లు సీనాయి ప్రతి, వాటికన్ ప్రతి రెండూ 16:8 దగ్గరే, స్త్రీలు భయపడి ఎవరికీ ఏమీ చెప్పలేదన్న చోటే ఆగుతాయి. యోహాను 8లో వ్యభిచారంలో పట్టుబడ్డ స్త్రీ కథ కూడా అతి పాత ప్రతుల్లో లేదు. ఈ సంగతి చెప్పేటప్పుడు గొంతు పెంచకు. ఆ కథను ప్రాణంగా చూసుకునే పాఠకురాలు నీ వ్యాసం చదువుతుంది. ఆమెకు తెలియాల్సింది తెలియాలి, నొచ్చుకోవాల్సిన పనిలేదు.

మాటల ఎంపిక కూడా చూసుకో. ఒక సంఘంలో బాప్తిస్మం అయినది కథోలికుల దగ్గర జ్ఞానస్నానం, సువార్త అన్నది సువిశేషం. మొదటిసారి వచ్చినప్పుడు రెండూ చెప్పి, తర్వాత ఒకటే వాడు. యేసును ‘ఆయన’ అను, పౌలును ‘అతను’ అను, చివరిదాకా మార్చకు.

మొత్తం తిరగరాసే ముందు ఒక్క వాక్యం మీద పనిచెయ్యి. మార్కు 15:21. సిలువ మోయడానికి కురేనీయుడైన, అంటే ఉత్తర ఆఫ్రికాలోని కురేనే ఊరివాడైన, సీమోనును బలవంతంగా పట్టుకుంటారు. అతను ‘అలెక్సంద్రునకును రూఫునకును తండ్రి’ అని మార్కు చెబుతాడు. ఆ కొడుకులిద్దరూ మార్కులో ఇంకెక్కడా రారు. వాళ్లెవరో అతను చెప్పడు కూడా. మత్తయి, లూకా ఇదే వాక్యాన్ని తీసుకుని సీమోను పేరు ఉంచి, కొడుకుల పేర్లు వదిలేశారు. మార్కు పుస్తకం ఎవరి మధ్య చదివారో వాళ్లకు ఆ ఇద్దరూ తెలిసి ఉండాలి. పదీ ఇరవై ఏళ్ల తర్వాత ఇంకో ఊళ్లో చదివినవాళ్లకు తెలియదు. రోమీయుల పత్రిక 16:13లో ఒక రూఫు ఉన్నాడు, అతనే ఇతనని మాత్రం రాయకు, రుజువు లేదు. మూడు సువార్తల్లోనూ ఆ వాక్యాన్ని పక్కపక్కన పెట్టుకుని, రెండు పేజీలు రాసి పంపు. మిగతా వ్యాసం సంగతి అది చదివాక మాట్లాడుకుందాం.

శుభం కోరుతూ,
మీ అన్నయ్య