ఆ పేరుతో పిలిస్తే తల తిప్పుతాడా?

బాబూ,

నువ్వు పంపిన నీ గూఢచారి నవల మొదటి మూడు అధ్యాయాలూ అందాయి. రెండుసార్లు చదివాను. మొదటిసారి కథ కోసం, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. విశాఖ బీచ్ రోడ్డు మీద తెల్లవారుజామున నడుస్తున్న మీ ముసలాయన, చెప్పులో ఇసుక పడిందని ఆగి, ఒంటికాలి మీద నిలబడి దులుపుకుంటూ వెనక ఎవరైనా వస్తున్నారేమో చూసుకుంటాడు చూడు, ఆ ఒక్క వాక్యం దగ్గరే నీకు రాయడం వచ్చని నాకు అర్థమైపోయింది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

తర్వాత పేజీలోనే నల్ల కారు వచ్చి ఆగింది. ఢిల్లీ నుంచి వచ్చిన పెద్ద ఆఫీసరు దిగి, "దేశానికి మళ్ళీ నీ అవసరం పడింది" అన్నాడు. "నన్ను నడిసముద్రంలో వదిలేసిన దేశానికా?" అని మీవాడు అడిగాడు. సరిగ్గా ఆరు పంక్తుల తర్వాత ఒప్పేసుకున్నాడు. మూడో అధ్యాయానికల్లా దుబాయ్‌లో తుపాకులు పేలుతున్నాయి. తుపాకుల గురించి నలభై పేజీలు రాశావు. పదకొండేళ్ళు గూఢచారిగా బతికిన కరాచీలో అతన్ని ఎవరు పట్టించారో అరపేజీలో తేల్చేశావు. అంత దెబ్బ తిన్నవాడు మళ్ళీ ఎందుకు బయల్దేరాడు అన్నదానికి ఆరు పంక్తులే ఇచ్చావు. బాబూ, నీ నవల ఆ ఆరు పంక్తుల్లోనే ఉంది. తక్కినదంతా దాని చుట్టూ కట్టే గోడ.

ముందు ఒక సంగతి తేల్చుకో. మీవాడు ఆఫీసరా, ఏజెంటా? మనం తెలుగులో ఇద్దర్నీ గూఢచారి అనేస్తాం కానీ ఇద్దరి బతుకులూ వేరు. ఆఫీసరు గవర్నమెంటు ఉద్యోగి. 1968 సెప్టెంబర్‌లో ఆర్.ఎన్. కావ్ చేతుల మీదుగా మన విదేశీ నిఘా సంస్థ 'రా' మొదలైన నాటి నుంచీ ఆఫీసర్లకు సర్వీసు రూల్సు, ప్రమోషన్లు, రిటైరయ్యాక పెన్షను అన్నీ ఉన్నాయి. వాళ్ళ ఇబ్బందులు వాళ్ళకూ ఉన్నాయనుకో. 2021లో పెన్షన్ రూల్సు మార్చాక, అలాంటి సంస్థల్లో పనిచేసి రిటైరైనవాళ్ళు ఆ పని గురించి ముందస్తు అనుమతి లేకుండా ఏమీ అచ్చు వేయించుకోకూడదు. ఏజెంటు సంగతి వేరు. సరిహద్దు దాటి వెళ్ళేవాడు అతను, దొరికిపోయేవాడూ అతనే. అతని పేరు ఏ జీతాల పట్టీలోనూ ఉండదు. సమాచార హక్కు చట్టం కింద తన కాగితాలు తాను అడుగుదామన్నా, 24వ సెక్షన్ 'రా'ను, దేశంలోపల నిఘా చూసే ఐబీని ఆ చట్టం నుంచి చాలావరకు పక్కన పెట్టింది. నీ రాతలో మీవాడు ఒక పేజీలో ఆఫీసరులా మాట్లాడతాడు, ఇంకో పేజీలో ఏజెంటులా బాధపడతాడు. నన్నడిగితే ఏజెంటుగానే ఉంచు. మోసం జరిగేది అక్కడే.

మోసం అంటే నువ్వు వెనక నుంచి పేలిన తూటా అనుకుంటున్నావు. రాజస్థాన్ పెద్దాయన ఒకరి సంగతి చెబుతాను, నిదానంగా చదువు. రైల్వే మెయిల్ సర్వీసులో చిన్న ఉద్యోగి. నిఘా పని కోసం తనను పాకిస్థాన్ పంపారని ఆయన చెబుతాడు. 1976 డిసెంబర్‌లో అక్కడ పట్టుబడ్డాడు. పద్నాలుగేళ్ళ శిక్ష వేశారు. ఆయన అక్కడ జైల్లో ఉండగానే, డ్యూటీకి రావడం లేదన్న కారణంతో ఇక్కడ 1980లో తపాలా శాఖ ఉద్యోగం నుంచి తీసేసింది. తిరిగి వచ్చాక ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగాడు. ఆయనతో తమకే సంబంధమూ లేదని ప్రభుత్వ న్యాయవాది కోర్టులో చెప్పారు. చివరికి 2022 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు పది లక్షలు ఇమ్మంది. అప్పటికి ఆయనకు డెబ్బై అయిదేళ్ళు.

ఈ కథలో తుపాకీ ఎక్కడుంది? ఒక హాజరు పట్టీ ఉంది. అందులో ఆయన పేరు ఎదురుగా వరసగా ఆబ్సెంట్ పడుతూ ఉంటుంది. ఆ గడి నింపుతున్న గుమాస్తా చెడ్డవాడు కాదు, అతనికి ఏమీ తెలియదు. తెలిసినవాడు ఎక్కడో ఒక గదిలో నోరు మూసుకుని కూర్చున్నాడు. నీ నవలలో విలన్‌ని నువ్వు దుబాయ్‌లో వెతుకుతున్నావు. ఆ గదిలో వెతుకు.

మన దగ్గర ఇది ఈనాటి సంగతి కాదు. అర్థశాస్త్రం మొదటి అధికరణంలో కౌటిల్యుడు గూఢపురుషుల కోసమే రెండు అధ్యాయాలు రాశాడు. విద్యార్థి వేషంలో కాపటికుడు, రైతు వేషంలో గృహపతికుడు, వర్తకుడి వేషంలో వైదేహకుడు, విషం పెట్టే రసదుడు అంటూ ఎవరెవరిని ఎలా తయారు చేయాలో చెప్పాడు. ముగ్గురు విడివిడిగా చెప్పింది ఒక్కటైతేనే నమ్మమన్నాడు. వాళ్ళ మాటలు మాటిమాటికీ పొసగకపోతే ఏం చేయాలో కూడా చెప్పాడు. తూష్ణీం దండం. చప్పుడు కాకుండా వేసే శిక్ష. ఇక ఉభయవేతనులని ఒక రకం. శత్రువు కొలువులోనూ జీతం పుచ్చుకుంటూ మనకు పని చేసేవాళ్ళు. వాళ్ళ భార్యాబిడ్డల్ని మన అదుపులో పెట్టుకుని మరీ పంపమన్నాడు. ఆ మాట చదివినప్పుడల్లా నాకు ఆ పిల్లలు కళ్ళముందు మెదులుతారు. నాన్న ఎప్పుడొస్తాడని వాళ్ళు ఎవరిని అడిగి ఉంటారు?

ఆ పిల్లల దగ్గర్నుంచే మీవాడి భార్య దగ్గరకు వస్తాను. నీ మూడు అధ్యాయాల్లో ఆవిడ రెండుసార్లు కాఫీ ఇచ్చి, ఒకసారి కళ్ళు తుడుచుకుంది. పదకొండేళ్ళు భర్త ఇంట్లో లేడు. ఇరుగుపొరుగుకు ఏం చెప్పింది? మన ఇళ్ళలో గవర్నమెంటు ఉద్యోగి ఊళ్ళో లేకపోతే అనే మాట ఒకటుంది, 'క్యాంపుకెళ్ళారు' అని. మొదటి నెల ఆ మాట చెల్లుతుంది. ఆర్నెల్లకు పక్కింటావిడ అడగడం మానేస్తుంది. మూడో ఏడు పేరంటాలకు పిలవాలా వద్దా అని జనం ఆలోచిస్తారు. ఆడపడుచు పెళ్ళిలో పీటల మీద కూర్చోవాల్సిన జంట ఇదే అయితే, ఆవిడ ఏం చెప్పి తప్పుకుంది? ఇవి రాయి. ఇవి రాస్తే, అతను మళ్ళీ బయల్దేరుతున్నప్పుడు ఆవిడ ఒక్క మాటా అనకుండా బ్యాగులో తువ్వాలు సర్దినా చాలు, చదివేవాడి గొంతు పట్టేస్తుంది.

ఇంకో చోట నేను ఆగిపోయాను. విశాఖవాడు కరాచీలో పదకొండేళ్ళు ఎలా చెల్లాడు? 'ఉర్దూ బాగా నేర్చుకున్నాడు' అని ఒక్క ముక్కలో దాటేశావు. అక్కడ బోలెడు కథ ఉంది బాబూ. కరాచీలో హైదరాబాద్ కాలనీ అని ఒక పేటే ఉంది. మన దక్కన్ నుంచి వలస వెళ్ళినవాళ్ళు కట్టుకున్నది, పచ్చళ్ళకు పేరుపడ్డ చోటు. వద్దు అనడానికి 'నక్కో' అనే ఉర్దూ అక్కడికి మన హైదరాబాద్ నుంచే వెళ్ళింది. మీవాడిని పాతబస్తీలో పెరిగినవాడిగా మార్చి చూడు. అతని యాస దాచుకోవాల్సిన లోపం కాకుండా, అతన్ని కాపాడే కవచం అవుతుంది. పరాయి దేశంలో, శత్రువుల మధ్య, చిన్నప్పుడు అమ్మమ్మ మాట్లాడిన మాటలు వినపడతాయి. పచ్చడి కొట్టు ముసలమ్మ "క్యా బేటా, ఖానా ఖాయా క్యా?" అంటుంది. అతను ఆవిడకు అబద్ధం చెబుతూ పదకొండేళ్ళు గడిపాడు. మోసపోయినవాడే మోసం చేసినవాడు కూడా అయ్యాడు, ఆవిడ విషయంలో. ఇప్పుడు ఆలోచించు, అతను మళ్ళీ ఎందుకు వెళ్తాడో.

దేశం అడిగిందని వెళ్ళడు, ఆ మాట అతను ఒకసారి విన్నాడు. పగ కోసమైతే ఇన్నేళ్ళు ఆగడు. ఈ పనిలో నమ్మకమంతా మనిషికీ మనిషికీ మధ్యే ఉంటుంది. అవతలి ఊళ్ళో సమాచారం ఇచ్చేవాడు ఢిల్లీలోని ఆఫీసుని నమ్మి ప్రాణం పణం పెట్టడు. తన ఎదురుగా కూర్చుని టీ తాగినవాణ్ణి నమ్మి పెడతాడు. అక్కడ ఒకడు ఇంకా మిగిలి ఉన్నాడనుకో. "ఆయన వస్తేనే వస్తాను" అన్నాడనుకో. అప్పుడు ఢిల్లీవాళ్ళకు మీవాడితో పని పడుతుంది. మీవాడికి కూడా వెళ్ళక తప్పదు. తనను వదిలేసినట్టు తాను ఇంకొకణ్ణి వదలలేడు. ఇది నా ఊహ మాత్రమే, నీకు ఇంతకన్నా మంచిది తట్టవచ్చు. కానీ కారణం ఈ బరువుది కావాలి.

నిజంగా చివరిసారి అని వెళ్ళినవాళ్ళ గురించి చదివావా? ఇజ్రాయెల్ గూఢచారి ఎలీ కోహెన్ డమాస్కస్‌లో వ్యాపారిగా నటిస్తూ పెద్దపెద్దవాళ్ళ మధ్య తిరిగాడు. 1964 నవంబర్‌లో ఇంటికి వచ్చినప్పుడు ఇక చాలనిపించిందని చెప్పాడు. ఇంకొక్కసారి అన్నారు, వెళ్ళాడు. 1965 జనవరిలో రేడియో సందేశాలు పంపుతుండగా దొరికాడు, మే 18న నడిబజారులో ఉరి తీశారు. ఆ నవంబర్ సెలవులో ఆయన ఇంట్లో ఎలా కూర్చుని ఉంటాడు, పిల్లల్ని ఎలా చూసి ఉంటాడు? నేనైతే నవలలో సగం అక్కడే పెడతాను.

తుపాకులు తగ్గిస్తే టెన్షన్ పోతుందేమోనని నీ భయం. పోదు. బ్రిటన్‌కు రహస్యంగా పనిచేసిన సోవియట్ నిఘా సంస్థ కేజీబీ ఆఫీసరు గోర్డియెవ్‌స్కీని 1985లో మాస్కో వెనక్కి పిలిపించి, మత్తుమందు ఇచ్చి ప్రశ్నించారు. తప్పించుకోవడానికి ఆయన ఇవ్వాల్సిన సైగ ఏమిటో తెలుసా? ఒక మంగళవారం సాయంత్రం, ఫలానా రోడ్డు పక్కన, బ్రిటన్ సూపర్ మార్కెట్ ప్లాస్టిక్ సంచి పట్టుకుని నిలబడటం. చాక్లెట్ తింటూ ఒకతను ముందు నుంచి నడిచి వెళ్తే, సైగ అందినట్టు. ఆ జులైలో కారు డిక్కీలో పడుకోబెట్టి ఫిన్లాండ్ సరిహద్దు దాటించారు. భార్యాపిల్లలు ఆరేళ్ళు వెనకే ఉండిపోయారు. చేతిలో ఒక సంచీతో రోడ్డు పక్కన నిలబడ్డ మనిషి. నీకు ఇంతకన్నా ఏం కావాలి?

విశాఖను పూర్తిగా వదలాలని లేకపోతే ఒక దారి ఉంది. 2019 డిసెంబర్‌లో ఆంధ్రా పోలీసులు 'ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్' అని మన విశాఖ కొండ పేరే పెట్టి నేవీ సిబ్బందిని పట్టుకున్నారు కదా, ఫేస్‌బుక్‌లో పరిచయమైన ఆడపేర్లకు లొంగి పాకిస్థాన్‌కు సమాచారం ఇచ్చారన్న కేసు. సరిహద్దు కాలినడకన దాటినవాడు ఆ వార్త పేపర్లో చదివితే ఏమనుకుంటాడో ఒక పేజీ రాసి చూడు.

ఇక మొదటి అధ్యాయం. నల్ల కారు తీసెయ్యి.

పోయిన నవంబర్‌లో లైఫ్ సర్టిఫికెట్ కోసం బ్యాంకుకు వెళ్ళాను. ఏటా బతికే ఉన్నామని చూపించుకోవాలి కదా. లోపల పాతిక మంది పెద్దవాళ్ళు, ప్లాస్టిక్ కవర్లలో కాగితాలు. నా ముందు ఒకాయన వేలు మిషన్ మీద పెడితే ముద్ర పడటం లేదు. గీతలు అరిగిపోయాయి. కౌంటర్లో అమ్మాయి ఓపిగ్గా తడిగుడ్డ ఇచ్చింది, ఇంకో వేలు పెట్టమంది. నాలుగో వేలికి పడింది. తర్వాతి పేరు పిలిచింది, సూర్యనారాయణమూర్తి గారూ అని. ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచింది, మూడోసారీ పిలిచింది. నా పక్కనే ఒకాయన కిటికీలోకి చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు వెనక నుంచి ఎవరో ఆడమనిషి "చిట్టిబాబూ" అంది. ఆయన ఉలిక్కిపడి తల తిప్పాడు. రికార్డుల్లో పేరు ఆయనకు అరవై ఏళ్ళుగా అలవాటే కాలేదు.

మీవాణ్ణి ఆ వరసలో కూర్చోబెట్టు. అతనికి పెన్షను లేదు, భార్యకు తోడుగా వచ్చాడు. పదకొండేళ్ళు కరాచీలో మోసిన పేరు ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఆ పేరుతో ఎవరో వెనక నుంచి మెల్లగా పిలిచారు. ఎవరు పిలిచారో నాకిప్పుడే చెప్పకు. అతని మెడ కదిలిందో లేదో, అది భార్య కంట పడిందో లేదో రాసి, ఆ నాలుగు పేజీలూ సంక్రాంతిలోపు పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు