పాతదానికి ఏ మాట?

ప్రశ్న: పుస్తక సమీక్షలు రాస్తుంటాను. కొత్తదనం లేని కథ ఏది వచ్చినా ‘పాత చింతకాయ పచ్చడి’ అనేస్తున్నాను. ఇంకేమనవచ్చు? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు లోపం ఎక్కడుందో తేల్చుకోండి. ఇతివృత్తం పాతబడిందా, రచయిత చెప్పిందే చెబుతున్నారా, ఇంకొకరిది ఎత్తి రాశారా? దేని మాట దానిదే.

అందరూ వినీ వినీ ఉన్న ఇతివృత్తమైతే పాత చింతకాయ పచ్చడి సరిపోతుంది. ఆ పచ్చడికి మాత్రం ఈ నింద అన్యాయమే. ఉప్పు, పసుపు వేసి దంచి జాడీకెత్తిన తొక్కు ఏడాది దాటితే నల్లబడుతుంది గాని చెడదు; జ్వరం తగ్గినవాళ్లకు పథ్యంగా పెట్టేది ఆ పాతదే.

రచయిత తన వెనకటి కథనే తిరగరాస్తే ‘చర్వితచర్వణం’, అంటే నమిలిందే నమలడం. ‘పిష్టపేషణం’ దీనికి దగ్గరిదే అయినా వాదాలకే బాగుంటుంది: రుజువైనదాన్ని మళ్లీ రుజువు చేయబూనడం, పిండిని మళ్లీ పిండి చేయడం. కథకు అతకదు. ‘పాడిందే పాడరా పాచిపళ్ల దాసరీ’ మనిషిని పట్టుకుని అనే మాట. సమీక్షలో వద్దు.

ఎత్తిరాతకు ‘మక్కీకి మక్కీ’ ఉంది. మక్కీ అంటే హిందీలో ఈగ. అసలు కాగితానికి చచ్చి అంటుకున్న ఈగను చూసి, నకలు రాసేవాడు తన కాగితానికీ ఒక ఈగను అతికించాడని చెబుతారు. అందుకే మూలంలోని తప్పులు కూడా దిగినప్పుడు ఈ మాట బాగా కుదురుతుంది. ఇది దొంగతనం మోపడమే కాబట్టి ఏ పేజీలో ఏ వాక్యమో చూపగలగాలి. చూపలేకపోతే ‘మూసకథ’ అని ఆగండి.

ప్రశ్న: ‘కొత్త సీసాలో పాత సారా’ సరైనదా, ‘పాత సీసాలో కొత్త సారా’నా? – ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: పైమెరుగు కొత్తది, సరుకు పాతది అనాలంటే మొదటిదే. పేరు మార్చి మళ్లీ ప్రకటించిన పథకాన్ని అలా అనవచ్చు. తిరగేస్తే అర్థమూ తిరగబడుతుంది: సీసపద్యంలో ఈనాటి సంగతి చెప్పిన కవికి అది మెచ్చుకోలు అవుతుంది.

ప్రశ్న: ‘అరిగిపోయిన రికార్డు’ ఎప్పుడు వాడాలి? – ఒక విద్యార్థిని, అనంతపురం

జవాబు: గ్రామఫోను రికార్డు గాడి చెడితే ముల్లు ముందుకు పోక అదే ముక్కను మళ్లీ మళ్లీ పలికిస్తుంది. ఒకే మనిషి ఒకే మాటను పదేపదే అంటుంటే ఇది సరైన పోలిక. ఎంత పాత భావమైనా ఒక్కసారే చెబితే దీన్ని వాడకూడదు. అప్పుడు ‘కాలం చెల్లిన’ అంటే చాలు.