నరం తీసేటప్పుడు నొప్పి పుడుతుందా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నాకు 46 ఏళ్లు. కుడివైపు కింది దవడ పన్ను పుచ్చింది. పది రోజులుగా వేడి టీ తగిలితే చాలు, ప్రాణం పోతోంది. రాత్రి పడుకుంటే సలుపు చెవి దాకా పాకుతోంది. నోట్లో చన్నీళ్లు పట్టి కూర్చుంటే గానీ తగ్గడం లేదు. రూట్ కెనాల్ చేసి క్యాప్ వేయాలన్నారు. చేయించుకున్న మా తోడికోడలు నరకం చూశానంటోంది. టెన్షన్‌గా ఉంది. పీకించేసుకుంటే పోదా?
ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, చన్నీళ్లు పట్టుకుంటేనే తగ్గుతోందన్నారు చూడండి, ఆ మాట మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది చెప్తారు. కొందరు నీళ్ల సీసా చేత్తో పట్టుకునే వస్తారు. మనం నరం అనేది నిజానికి రక్తనాళాలూ నరాలూ కలిసిన మెత్తటి కండ. పుచ్చు అక్కడిదాకా పోతే అది వాస్తుంది. వేలు వాస్తే చర్మం సాగుతుంది. పంటి గోడలు సాగవు కదా, అందుకే అంత సలుపు. ఈ దశకు వచ్చిన నరం మామూలుగా ఇక కోలుకోదు. యాంటీబయాటిక్ మాత్రలతో ఈ నొప్పి తగ్గదు. షాపులో కొనుక్కుని మింగకండి.

రూట్ కెనాల్ అంటే ఆ నరాన్ని తీసేసి, పంటి వేళ్లలో అదున్న కాలువల్ని శుభ్రం చేసి మూసేయడమే. ముందు మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. సూది గుచ్చినప్పుడు నొప్పి తెలుస్తుంది. ఒక్కోసారి గుండె కాసేపు దడదడలాడుతుంది, అది మందులోని ఎడ్రినలిన్ వల్ల. భయపడకండి. కాసేపటికి కింది పెదవి సగం మొద్దుబారి, లావెక్కినట్టు అనిపిస్తుంది. ఇక్కడొక మాట దాచకుండా చెప్పాలి. ఇంతగా వాచిన కింది దవడ పంటికి ఒక్కోసారి మొదటి ఇంజెక్షన్ చాలదు. పెదవి మొద్దుబారినా పన్ను జివ్వుమంటుంది. అప్పుడు ఓర్చుకోవద్దు, ఎడమ చెయ్యి ఎత్తండి. పంటి పక్కనో, నేరుగా నరంలోకో ఇంకాస్త మందు ఇస్తారు. మీ తోడికోడలు పంటి బిగువున భరించారేమో అనిపిస్తోంది.

తర్వాత పంటి చుట్టూ రబ్బరు షీటు బిగిస్తారు, మందులూ, ఫైళ్లు అనే సన్నటి గీకుడు సూదులూ గొంతులోకి జారకుండా. మీ పంటికి మూడో నాలుగో కాలువలుంటాయి. వెంట్రుకంత సన్నగా ఉండే వాటిని ఫైళ్లతో గీకి, బ్లీచింగ్ వాసన వచ్చే ద్రావణంతో కడుగుతారు. చివరికి గట్టాపర్చా అనే గులాబీ రంగు పుల్లలతో మూసేస్తారు. అది మలేసియా వైపు పెరిగే చెట్ల పాల నుంచి తీసేది. ఒక సిట్టింగ్‌లో కావచ్చు, రెండు మూడు పట్టవచ్చు. నొప్పి కంటే గంటసేపు నోరు తెరిచి ఉంచడమే కష్టమంటారు చాలామంది.

మొద్దు వదిలేదాకా ఏమీ నమలకండి, బుగ్గ కొరుక్కుంటారు. మూడు నాలుగు రోజులు ఆ పంటి మీద నొక్కితే నొప్పి ఉంటుంది, అది మామూలే. ముఖం వాచినా, జ్వరం వచ్చినా, మింగడం కష్టమైనా ఆ రోజే వెళ్లండి.

క్యాప్ మాత్రం వాయిదా వేయకండి. కుట్టుపని చేసుకునే ఒకావిడకి నేనే కాలువలన్నీ పూర్తిచేసి, క్యాప్‌కి రమ్మన్నాను. నొప్పి పోయింది కదా అని రాలేదు. ఆరు నెలల తర్వాత చేగోడీ కొరికితే విరిగిన సగం పన్ను జేబురుమాల్లో చుట్టుకుని వచ్చింది. వేరు దాకా చీలిపోయింది. పీకక తప్పలేదు. ఆ రోజు నాకు చాలా బాధేసింది.

పీకించడం తప్పేమీ కాదు. కానీ ఆ ఖాళీలోకి పక్క పన్ను ఒరుగుతుంది, పై పన్ను కిందికి దిగుతుంది. తర్వాత బ్రిడ్జి, అంటే అటూ ఇటూ పళ్ల ఆధారంతో నిలిచే కట్టుడు పన్ను, కట్టించాలంటే ఆ రెండు మంచి పళ్లు అరగదీయాలి. అందుకే నిలబెట్టగలిగిన పన్నును నిలబెట్టమనే అంటాను. డబ్బు ఇబ్బందైతే మీ డాక్టరుతో దాచకుండా చెప్పండి, లేదా విజయవాడలోని ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రిలో అడగండి.

బీపీ, షుగర్ మాత్రలు వాడుతుంటే ఆపకండి, రక్తం పలచబడే మందులుంటే ముందే చెప్పండి. ఖాళీ కడుపుతో వెళ్లకుండా, ఎడమవైపు నములుతూ కాస్త పెరుగన్నం తినేసి వెళ్లండి.