తుంగభద్రల ఆ రాతి కంబాలు దేనివి?

ప్రశ్న: మొన్న సెలవుల్ల ఫ్యామిలీతోని హంపి పోయినం సార్. విఠల గుడి దగ్గర, పురందర మంటపం పక్కన నదిల వరసగా రాతి కంబాలు నిలబడి ఉన్నయి, పాత బ్రిడ్జి అన్నరు. 1565ల సుల్తానుల సైన్యం కూలగొట్టిందని గైడ్ చెప్పిండు. నిజమేనా? పైభాగం ఎటు పోయింది? – ఒక పాఠకుడు, గద్వాల

జవాబు: బ్రిడ్జే, డౌటేం లేదు. నది అవతలి ఒడ్డున ఉన్న ఆనెగొంది దిక్కు దాటనీకి విజయనగరం రోజుల్ల కట్టింది. ఇగ గైడ్ల సంగతంటరా, హంపిల ఏది ఇరిగినా 1565 ఖాతాలనే రాస్తరు. కానీ ఆ కట్టిన తీరు చూడుండ్రి, కమాన్లు లేవు, గ్రానైట్ కంబాలు నిలబెట్టి మీద అడ్డంగా రాతి దూలాలు పెట్టిన్రు, మంటపం కట్టినట్టే, కాకపోతే నది నడుమ. కొన్నిటి మీద ఆ దూలాలు ఇంకా ఉన్నయి, చూసిన్రో లేదో. రాయి మీద ఎంత బరువేసినా ఓర్చుకుంటది గానీ రెండు కొసలు ఆనిచ్చి దూలంలెక్క పెడితే అడుగు నుంచి పగుల్తది, అందుకే కంబాలు దగ్గర దగ్గర పాతాలె, వరదొచ్చినప్పుడేమో కొట్టుకొచ్చే చెట్లూ మొద్దులూ ఆ సందుల్లనే ఇరుక్కుంటయి, ఎనక నీళ్లు ఎగదన్ని మొత్తం తోస్తయి. 2009 అక్టోబర్ల ఇదే తుంగభద్ర కర్నూలును, మన అలంపురాన్ని ఏం చేసిందో మీకు నేను చెప్పాల్నా? సైన్యం దాకా ఎందుకు, 400 ఏండ్ల వరదలు చాలు అని నా లెక్క.

ఇంకో ముచ్చట. 1520 ప్రాంతంల వచ్చిన పోర్చుగీసాయన డొమింగో పేస్, ఆనెగొందికి జనం ఎట్ల దాటుతున్నరో రాసిండు. గుండ్రటి పుట్టి, లోపల బెత్తం అల్లిక, బయట తోలు, 15, 20 మంది పడ్తరు, తిన్నగ పోదు, తిరుగుకుంటనే పోతదట. మన కృష్ణల చేపలు పట్టేటోళ్లకు ఇది కొత్తేం కాదు.

కమాన్లున్న పాత బ్రిడ్జి చూడాలంటే హైదరాబాద్ల పురానాపూల్ ఉన్నది, 1578ది, 22 కమాన్లు. 1908 మూసీ వరద గూడ దాన్ని తీస్కపోలేదు. కట్టించిన ఇబ్రహీం కుతుబ్‌షా గద్దెనెక్కక ముందు 7 ఏండ్లు విజయనగరంల అళియ రామరాయల దగ్గర తలదాచుకున్నోడే, 1565ల అదే రామరాయల మీదికి తళ్లికోట యుద్ధానికి పోయిన సుల్తానులల్ల గూడ ఉన్నడు!

మళ్ల పోతే ఎండాకాలం పోండ్రి. హోస్పేట డ్యామ్ గేట్లు ఎత్తిన్రంటే పురందర మంటపమే మునుగుతది, ఇగ కంబాలేడ కనబడ్తయి.