టెక్ సందేహాలు: ఇంట్లో నడిస్తే ఫోన్ లెక్క ఎందుకు తప్పుతోంది?

ప్రశ్న: వానలు మొదలయ్యాక కాలువ గట్టంతా బురద. బరువు తగ్గాలని ఇంట్లోనే హాలు నుంచి పెరటి గుమ్మం దాకా అరగంట నడుస్తున్నాను. ఫోన్‌లో దూరం ఒకరోజు అర కిలోమీటరు, మరోరోజు రెండు కిలోమీటర్లు వస్తోంది. మావారి స్మార్ట్‌వాచ్ పెట్టుకుంటే ఇంకో లెక్క. 300 కెలోరీలు ఖర్చయ్యాయంటుంది, బరువు మాత్రం కదలదు. దేన్ని నమ్మాలి?
- ఒక గృహిణి, పాలకొల్లు

జవాబు: ముందు ఆ వాచీ సంగతి చూద్దాం. అందులో ఉన్నది మీవారి ఎత్తు, బరువు. మీరు పెట్టుకున్నా అది ఆయన అడుగు పొడవుతోనే దూరం కడుతుంది, ఆయన బరువుతోనే కెలోరీలు లెక్కేస్తుంది. ప్రొఫైల్‌లో మీ వివరాలు పెట్టండి.

ఇక ఫోన్. జీపీఎస్‌కి ఆకాశం కనబడాలి. ఆరుబయటే నాలుగైదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, స్లాబు కింద మరీ తడబడుతుంది. మీ హాలు పొడవే అంత ఉంటుంది కదా! యాప్‌లో ‘ఇండోర్ వాక్’ గానీ ‘ట్రెడ్‌మిల్’ గానీ ఎంచుకుంటే జీపీఎస్ జోలికి పోకుండా అడుగులే లెక్కపెడుతుంది.

అడుగుల్ని పసిగట్టేది ఫోన్‌లోని యాక్సిలరోమీటర్. వరుసగా, ఒకే లయలో కొన్ని అడుగులు పడితేగానీ చాలా ఫోన్లు దాన్ని నడకగా తీసుకోవు. గోడ దాకా వెళ్లి, ఆగి, వెనక్కి తిరిగితే కొన్ని అడుగులు జారిపోతాయి. అందుకే డైనింగ్ టేబుల్ చుట్టూ ఆగకుండా తిరగండి, మధ్యమధ్యలో దిశ మార్చండి. చీరకీ నైటీకీ జేబుండదు కాబట్టి ఫోన్ టీవీ పక్కన పెట్టేసి నడిచేవాళ్లు చాలామంది. నడుముకి చిన్న పౌచ్ కట్టుకుని అందులో పెట్టుకోండి. వాచీ ఉన్న చేతిలో ఫోన్ పట్టుకుని వాట్సాప్ చూస్తూ నడిస్తే చెయ్యి ఊగదు, వాచీకి అడుగులు అందవు.

కెలోరీల దగ్గర మాత్రం గట్టిగా చెబుతున్నాను, ఆ 300 నమ్మకండి. 70 కిలోల మనిషి గంటకు 5 కిలోమీటర్ల వేగంతో అరగంట నడిస్తే ఖర్చయ్యేది సుమారు 120 కెలోరీలు. కొన్ని యాప్‌లు ఊరికే కూర్చున్నా ఖర్చయ్యే కెలోరీల్ని కూడా ఇందులో కలిపేస్తాయి. కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 7,700 కావాలి. అంటే తిండి పెంచకుండా రోజూ నడిస్తే కిలో తగ్గడానికి కనీసం రెండు నెలలు. 300 ఖర్చయ్యాయి కదా అని తాపేశ్వరం కాజా ఒకటి నోట్లో వేసుకుంటే ఆ రోజు నడక అక్కడికి సరి.

మరి దేన్ని చూడాలి? నిమిషాల్ని, వేగాన్ని. నిమిషానికి 100 అడుగులు పడితే అది వ్యాయామం కింద లెక్క. ఒకే లయలో టిక్‌టిక్‌మనే ఉచిత మెట్రోనోమ్ యాప్‌లో నిమిషానికి 100 పెట్టుకుని ఆ టిక్‌టిక్‌కి అడుగు కలపండి. వారానికి కనీసం 150 నిమిషాలు అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. రోజుకి 10,000 అడుగులు పూర్తికాలేదని టెన్షన్ పడకండి. ఆ అంకె 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్మకాల కోసం పుట్టింది. బరువు వారానికొకసారి, పొద్దున్నే టిఫిన్ తినకముందు చూసుకుంటే చాలు.

ప్రశ్న: వాకింగ్ ప్యాడ్ (ఇంట్లో నడవడానికి వాడే పలచటి, చిన్న ట్రెడ్‌మిల్) కొనాలనుకుంటున్నాను. ఏం చూడాలి?
- ఒక ఉద్యోగి, భీమవరం

జవాబు: ఎంత బరువు మోస్తుందో ముందు చూడండి, మీ బరువుకంటే బాగా ఎక్కువ ఉండాలి. మోటారుకు ‘పీక్’ (కాసేపు మాత్రమే ఇవ్వగల గరిష్ఠ) హార్స్‌పవర్ కాదు, ‘కంటిన్యూయస్’ (ఆగకుండా ఇవ్వగలది) ఎంతో అడగండి. ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల సాకెట్‌కే పెట్టండి, కరెంటు పోతే ఇన్వర్టర్ మీద నడపకండి.